నాలుగో గడి

మా సెక్షన్ తలుపు బయట, వరండాలో, ఒక స్టూలు మీద అట్టపెట్టె ఉండేది. బిస్కట్ ప్యాకెట్లు వచ్చిన పెట్టె. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజుల్లో నేనే దాన్ని అక్కడ పెట్టి, "కాగితాలు ఇందులో వేయండి" అని స్కెచ్ పెన్నుతో రాశాను. బయటి నుంచి వచ్చిన ఏ కాగితమైనా అందులో ఒక రోజు పడి ఉండాలి. మర్నాడు గానీ ముట్టుకోము. మనుషులకే కాదు, కాగితాలకూ క్వారంటైన్. యూనివర్సిటీ మొత్తంలో ఈ ఏర్పాటు ముందు చేసింది నేనే. పక్క సెక్షన్ల వాళ్ళు వచ్చి చూసి, బాగుందని మెచ్చుకుని, వాళ్ళూ పెట్టెలు పెట్టుకున్నారు. నాకు గర్వంగా ఉండేది.

ఇప్పుడు ఎవరైనా టీ తాగుతూ ఆ పెట్టె మాట ఎత్తి నవ్వితే నేను గ్లాసు పక్కన పెట్టి లేచి వెళ్ళిపోతాను. ఎందుకు వెళ్తున్నానో వాళ్ళకు తెలియదు. చెబుదామనే ఇది రాస్తున్నాను. నన్ను క్షమించమని రాయడం లేదు. క్షమించాల్సిన మనిషి లేదు.

నేను హాస్టళ్ళ ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉండేదాన్ని. మాది అనంతపురం వైపు. క్యాంపస్ లోపలే మాకు క్వార్టర్. మా ఆయన ఉద్యోగం బెంగళూరులో. ఆ రోజుల్లో అక్కడే ఉండిపోయారు. ఇంట్లో నేనూ మా అత్తమ్మా. అత్తమ్మకు మోకాళ్ళు పోయాయి. మంచం దింపాలన్నా, స్నానం చేయించాలన్నా ఒక మనిషి కావాలి.

ఆ మనిషి ఉండేది. ఆమె మా హాస్టల్ మెస్సులో చపాతీలు చేసే పనిమనిషి. కాంట్రాక్టరు కింద పదిహేనేళ్ళకు పైగా చేస్తోంది. క్యాంపస్ గోడ అవతలి బస్తీ, మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. నేను ఆమెను పేరు పెట్టి నువ్వు అనేదాన్ని. ఆమె నన్ను మేడం అనేది. హాజరు పుస్తకంలో హాస్టల్, పని మాత్రం మా ఇంట్లో. దీన్ని మా దగ్గర "క్యాంపు డ్యూటీ" అంటారు. ఏ కాగితం మీదా ఉండదు. ఎవరూ ఆర్డరు ఇవ్వరు. ఎవరూ తప్పనుకోరు. చీఫ్ వార్డెన్ గారింట్లో ముగ్గురు చేసేవాళ్ళు, వంటకొకరు, తోటకొకరు, కుక్కకొకరు. నా హోదాకు ఒకరు.

అత్తమ్మకు ఆమె అంటే ప్రాణం. రాగి సంగటి ఎలా కెలకాలో మంచం మీద కూర్చునే నేర్పింది. ఆమె జొన్నరొట్టెలు చేసి పెట్టి, "అవ్వా, మీ ముద్ద కంటె మా రొట్టె నయం" అని ఆట పట్టించేది. "నీ రొట్టె నములుదామంటే పండ్లు యాడుండాయి అమ్మీ" అని అత్తమ్మ నవ్వేది. నాతో అత్తమ్మ అలా నవ్వింది నాకు గుర్తు లేదు.

హాస్టళ్ళు మూసేశారు. పిల్లల్ని రెండు రోజుల్లో ఊళ్ళకు పంపేశారు. కాంట్రాక్టరుకు ఉత్తరం నేనే టైపు చేశాను: హాస్టళ్ళు తిరిగి తెరిచే వరకు కింద పేర్లున్న మెస్ వర్కర్లు ఎవరూ విధుల్లో లేరు. తొమ్మిదో పేరు ఆమెది. ఉత్తరం పంపించి, ఇంటికి వచ్చి, వంటింట్లో గిన్నెలు తోముతున్న ఆమెతో అన్నాను.

"హాస్టల్ మూసినా నువ్వు ఇక్కడికి వస్తూ ఉండు. బియ్యం పప్పు నేను చూసుకుంటా. తెరిచాక మొదటి పిలుపు నీకే."

"గట్లనే మేడం," అన్నది.

తార్నాక వైపు గేటు దగ్గర పోలీసులు అడ్డంగా బారికేడ్లు పెట్టారు. ఆమె మాణికేశ్వర్ నగర్ వైపు కాంపౌండు గోడలో మనిషి పట్టేంత సందు ఒకటి ఉంటే, దానిలోంచి వచ్చేది. రెండు వారాలు పోయాక ఒకరోజు ఫోను చేసి, బస్తీలో అందరికీ వస్తున్నది, భయమైతున్నది, కొన్ని దినాలు ఇంట్లనే ఉంటా అంది. నాకు ఒళ్ళు మండింది. "రాకపోతే లిస్టులోంచి పేరు తీసేస్తారు, తర్వాత నన్ను అడగొద్దు," అన్నాను. తీసేయడానికి ఏ లిస్టులోనూ ఆమె పేరు లేదని నాకు తెలుసు. మర్నాడు పొద్దున ఏడింటికి వచ్చేసింది.

ఆ నెలలోనే ప్రభుత్వం నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. మామూలుగా హెల్త్ కార్డు పర్మినెంటు ఉద్యోగులకూ పెన్షనర్లకూ మాత్రమే. దాన్ని కరోనా ఉన్నంతకాలం, తాత్కాలికంగా, సడలించారు. మాలాంటి వాళ్ళకు రెఫరల్ లెటరు అక్కర్లేదు, కార్డు ఫోటో ఫోనులో చూపిస్తే చాలు. అంతకంటే పెద్ద విషయం, కాంట్రాక్టు వాళ్ళకు కూడా ఈ జబ్బు వరకు ప్రైవేటు ఆస్పత్రిలో ఉచితంగా చేరే వీలు ఇచ్చారు. ఒకటే షరతు. జబ్బు పడే ముందు పదిహేను రోజుల్లో ఆఫీసు పని మీద ఉన్నట్టు సంబంధిత ఆఫీసు సర్టిఫికెట్ ఇవ్వాలి. పనిలో ఉండగా అంటుకుంటే ఆ బాధ్యత మనది అనే ఉద్దేశం. చదివినప్పుడు ప్రభుత్వానికి కూడా ఒక్కోసారి బుద్ధి పుడుతుందనుకున్నాను.

సర్టిఫికెట్‌కు ప్రభుత్వం ఇచ్చిన నమూనాలో మూడు గడులు. పేరు. పని. చివరిసారి డ్యూటీలో ఉన్న రోజు. మా ఆఫీసుకు దాన్ని మళ్ళీ టైపు చేసే పని నాకు పడింది. నేను నాలుగో గడి చేర్చాను. పని చేసిన చోటు.

ఎవరూ చేర్చమనలేదు. "ఈ గడి లేకపోతే సార్, మాణికేశ్వర్ నగర్ మొత్తం మన మెస్సులోనే వంట చేసినట్టు సర్టిఫికెట్లు పుడతాయి," అన్నాను చీఫ్ వార్డెన్ గారితో. ఆయన నవ్వి, "మీ బుర్రే బుర్రమ్మా," అన్నారు. ఆ మెప్పుతో ఆ పూటంతా నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆయన దగ్గర నా ప్రమోషన్ ఫైలు ఉంది.

ఆ తర్వాత వారం తిరక్కుండానే అత్తమ్మకు జ్వరం వచ్చింది. ఇంటికి మనిషిని పిలిపించి పరీక్ష చేయించాను. మర్నాడు పొద్దున ఫోనులో రిపోర్టు వచ్చింది. పాజిటివ్. అప్పుడు ఆమె నాకు నాలుగడుగుల దూరంలో వంటింట్లో పాలు కాస్తోంది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను.

"అవ్వకు ఏమని వచ్చింది మేడం రిపోర్టు?"

"టైఫాయిడ్," అన్నాను.

"టైఫాయిడ్ అయితే కారం బంజెయ్యాలె. పలుచగ జావ కాస్త," అన్నది.

ఎందుకు అబద్ధమాడానో నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. కంగారులో నోరు జారిందని చెప్పుకోవచ్చు గానీ, జారలేదు. నిజం చెబితే ఆమె వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే అత్తమ్మ ఒళ్ళు నేను తుడవాలి, పక్కబట్టలు నేను మార్చాలి. నాకు భయం వేసింది. నా భయం ఖరీదైనదనీ ఆమె భయం చవకదనీ లెక్క వేసుకున్నాను. నాకు రెండు మాస్కులు, చేతులకు గ్లవ్స్. అత్తమ్మ గది గుమ్మం దాటలేదు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళేది. మాస్కు ఇచ్చాను, ఆఫీసు రూలు అని. "అవ్వకు నా మొఖం కనవడకుంటె అన్నం తినది మేడం," అని తీసి జాకెట్టులో దోపుకునేది. నేను ఇంకో మాట అనలేదు. అనాలంటే నిజం చెప్పాలి.

నాలుగు రోజులు ఆమె అత్తమ్మకు స్నానం చేయించింది, నోట్లో జావ పోసింది, వీపు రాసింది. అయిదో రోజు అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఆమె రాకముందే అంబులెన్సు పిలిపించి, తార్నాకలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కౌంటర్లో ఫోనులో కార్డు ఫోటో చూపించాను. ఒక్క ప్రశ్న అడగలేదు. పది నిమిషాల్లో మంచం, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. కారిడార్లో నిలబడి ఆ ఉత్తర్వు ఇచ్చిన వాళ్ళెవరో గానీ వాళ్ళకు మనసులో దండం పెట్టుకున్నాను. ఆమెకు ఫోను చేసి, అవ్వను టైఫాయిడ్ ముదిరిందని చేర్చాం, నువ్వు వచ్చి ఇల్లు తుడిచి వెళ్ళు అన్నాను. వచ్చి అత్తమ్మ పక్కబట్టలన్నీ ఉతికి వెళ్ళింది.

ఆ తర్వాత రాలేదు. ఫోను ఎత్తలేదు. నాకు ముందు వచ్చింది కోపమే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని సణుక్కున్నాను. ఆ సామెత ఎవరు ఎవరిని అనాలో ఇప్పుడు చదివేవాళ్ళకు తెలుస్తుంది. నాకు నాలుగు రోజులు తెలియలేదు. పరీక్ష చేయించుకుంటే నాకు నెగెటివ్ వచ్చింది, హాయిగా ఆఫీసుకు వెళ్ళాను.

గురువారం పొద్దున వరండాలో ఆమె కూతురు నిలబడి ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, విద్యానగర్ వైపు ఏదో కాలేజీ. చేతిలో నేను టైపు చేసిన ఫారం. మూడు గడులు గుండ్రటి అక్షరాలతో నింపుకుని వచ్చింది. నాలుగోది ఖాళీ.

"మేడం, మా అమ్మ ఆస్పత్రిల ఉన్నది. మొన్నటి నుంచి ఆక్సిజన్ మీద ఉన్నది," అన్నది. ఆస్పత్రి పేరు చెప్పింది. అత్తమ్మ ఉన్నదే. "గీ సర్టిఫికెట్ తెస్తే కొత్త రూలు మీద నడుస్తదట. రేపు సాయంత్రం ఐదు వరకు ఆగుతమన్నరు. లేకుంటె బెడ్డు ఖాళీ చెయ్యాలన్నరు."

"గవర్నమెంటు పెద్దాస్పత్రికి వెళ్ళలేకపోయారా?"

"పోయినం మేడం. గేటు కాడ్నే రెండు దినాల సంది అంబులెన్సులు నిలబడి ఉన్నయ్. లోపట జాగ లేదు."

నేను కుర్చీలోంచి లేవలేదు. తలుపులోంచే చేయి చూపించాను. "పెట్టెలో వెయ్యి. రేపు చూస్తాం."

"జర జల్దీ కావాలె మేడం. రేపటికే..."

"రూలు అందరికీ ఒకటే."

రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి అటెండరు తెచ్చే కాగితాల్ని ఏ రోజూ పెట్టెలో వేయించలేదు. చేత్తో తీసుకునేదాన్ని. ఆ పిల్ల ఆ విషయం ఎలా ఎరుగును? పెట్టెలో వేసింది. వేసి, "మేడం ఉన్నది, ఏం ఫికర్ జెయ్యకు అన్నది మా అమ్మ," అని చెప్పి వెళ్ళింది.

ఆ రోజంతా నాకు తలుపులోంచి పెట్టె కనిపిస్తూనే ఉంది. ఫారం నిండా నింపడానికి అరనిమిషం పట్టదు. రాయడానికి మూడే దారులు ఉన్నాయి. హాస్టల్ అని రాయొచ్చు. కానీ హాస్టల్లో ఎవరూ డ్యూటీలో లేరని కాంట్రాక్టరుకు ఉత్తరం రాసింది నేనే, ఆడిట్ వాళ్ళు రెండూ పక్కపక్కన పెడితే అబద్ధం నా నెత్తినే కూర్చుంటుంది. మా ఇల్లు అని రాయొచ్చు; అది నిజం. మూడోది, కాంట్రాక్టరు ఉత్తరంలో నేను రాసిన మాటే. గడి లేకపోయి ఉంటే ఏ చోటూ రాయక్కర్లేదు. తేదీ రాసి పంపేసేవాళ్ళం. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు గానీ, అది పెద్దవాళ్ళు పిల్లల్ని భయపెట్టడానికి చెప్పే మాట. నేను తీసిన గోతి ఒడ్డున నేను నిలబడే ఉన్నాను.

మధ్యాహ్నం చీఫ్ వార్డెన్ గారికి ఫోను చేశాను. సంగతి చెప్పాను, టైఫాయిడ్ మాట తప్ప.

"ఆమె మీ ఇంట్లో చేసిందని రాస్తే రేపు పేపర్లో వస్తుందమ్మా. ఒక్క ఇల్లు కాగితం ఎక్కితే అందరి ఇళ్ళూ ఎక్కుతాయి," అన్నారు. మళ్ళీ తనే, "నేనేమీ చెప్పను. ఫైలు మీరు పెట్టండి. మీరేం రాస్తే దాని కింద సంతకం పెడతాను. నా మాట నమ్మండి," అన్నారు.

పెడతారని నాకు నమ్మకమే. నిజం రాసినా పెట్టేవారు. అందుకే ఆయన మీదికి తోసేయడానికి కూడా నాకు వీలు లేదు. ప్రమోషన్ సంగతి ఆయన ఎత్తలేదు. గుర్తొచ్చింది నాకే.

శుక్రవారం పదకొండు గంటలకు గ్లవ్స్ వేసుకుని పెట్టెలోంచి ఫారం తీశాను. శానిటైజర్ కొట్టాను. ఆ తడికి ఆ పిల్ల రాసిన అక్షరాలు కొద్దిగా అలుక్కుపోయాయి. మధ్యాహ్నం భోజనం దాకా దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా క్వార్టర్ నంబరు ఆ గడిలో సరిగ్గా పట్టేది. అది కూడా కొలుచుకున్నాను. భోజనం చేసి వచ్చి, నాలుగో గడిలో రాశాను: "హాస్టల్ మూసివేత కారణంగా విధుల్లో లేరు." నా దస్తూరీ బాగుంటుందని చిన్నప్పటి నుంచి అందరూ అంటారు. బాగానే రాశాను. మూడింటికి సంతకం అయింది. సీలు వేసి, ఆ పిల్ల చేతికి నేనే ఇచ్చాను, పెట్టెలో వేయకుండా.

ఆ పిల్ల చదువుకుంది. మళ్ళీ ఒకసారి చదువుకుంది.

"గిదేంది మేడం? దినాం మీ ఇంటికే వచ్చె గద?"

"అది ఆఫీసు పని కిందకి రాదు. నీకు తెలియదు."

"రాకుంటె పేరు తీసేస్తరని మీరే ఫోన్ల అంటిరి గద. నేను పక్కనే ఉంటిని."

"నేనెప్పుడన్నాను?" అన్నాను.

ఇంత సులువుగా నోటికి వచ్చింది ఆ మాట. నా వెనక టేబుళ్ళ దగ్గర ఇద్దరు క్లర్కులు తలలు ఎత్తకుండా పని చేసుకుంటున్నారు. ఆ పిల్ల వాళ్ళను చూసింది, నన్ను చూసింది. గొంతు పెంచలేదు.

"అవ్వకు టైఫాయిడ్ అని చెప్పింది మా అమ్మ. నిన్న ఆస్పత్రిల మా అమ్మ అవ్వను చూపెట్టింది మేడం. మా అమ్మకు అవతల వరసల, మూడో బెడ్డు. గా వార్డు కరోనాది."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. బల్ల మీద పెన్నులు సర్దాను. ఆ పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బ్యాగులో పెట్టుకుని, "సరే మేడం," అని వరండా దిగి తార్నాక వైపు నడిచి వెళ్ళింది. గోడ మీద గడియారం మూడున్నర. ఐదు గంటల దాకా ఇంకా టైముంది. వెనక్కి పిలిచి, ఆ ఫారం చించేసి, ఇంకొకటి రాసి, స్కూటరు మీద నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటే సరిపోయేది. ఆ గంటన్నరా నేను కుర్చీలోనే కూర్చున్నాను. పాత ఫైళ్ళకు నంబర్లు వేశాను.

ఆ సాయంత్రం ఆమెను ఆస్పత్రి నుంచి పంపేశారు. వాళ్ళను నేను తప్పు పట్టలేను, వాళ్ళ చేతిలో నా దస్తూరీ ఉంది. పెద్దాస్పత్రి దగ్గర ఆటోలోనే చాలాసేపు ఉన్నారట. ఎప్పటికో లోపల నేల మీద జాగా దొరికిందట. సోమవారం పొద్దున చనిపోయింది. నాకు కాంట్రాక్టరు చెప్పాడు, వేరే పని మీద ఫోను చేసి, చివర్లో. "అయ్యో," అన్నాను. నాకు ఏడుపు రాలేదు. ఆ పూట పెరుగన్నం తిన్నాను.

అత్తమ్మ బతికింది. పది రోజులకు ఇంటికి తెచ్చాను. కారు దిగీ దిగకుండానే అడిగింది.

"ఆ యమ్మ యాడికి పోయినాది?"

"ఎవరు?"

"ఎవరంటావేమి? రొట్టెల అమ్మీ. ఆ పొద్దు కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుపోయినారు. మూతికి గొట్టం లేదు. నన్ను చూసి చెయ్యెత్తింది. యాడికి పంపిస్తిరి?"

"నయమై ఇంటికి వెళ్ళిపోయింది."

అత్తమ్మ నా వైపు చూడలేదు. "నయమైనోళ్ళు అట్ల పోరు," అని మొహం పక్కకు తిప్పుకుంది. అప్పటి నుంచి సంగటి పెడితే తినదు. అన్నమే.

కొన్నాళ్ళకు జబ్బు తగ్గింది. తాత్కాలిక సడలింపులు ఒకటొకటిగా తీసేశారు. మళ్ళీ రెఫరల్ లెటర్లు, మళ్ళీ ఒరిజినల్ కార్డులు, కాంట్రాక్టు వాళ్ళకు ఏమీ లేదు. అప్పుడొకసారి బీమా వ్యవహారాలు చూసే కార్యాలయానికి మా ఫైళ్ళు పట్టుకుని వెళ్ళాను. మీ యూనివర్సిటీ ఫారంలో ఇంకో గడి ఎందుకుందమ్మా అని అక్కడి గుమాస్తా అడిగాడు. ఇలా అని చెప్పాను. "మేం చూసేది తేదీ, సంతకమేనండీ. ఆ గడి ఒక్కరం కూడా చదవలేదు," అన్నాడు. హాస్టల్ అని రాసినా, మా ఇల్లు అని రాసినా, ఖాళీగా వదిలేసినా నడిచేది. "విధుల్లో లేరు" అని రాస్తే మాత్రం ఆస్పత్రి కౌంటర్లోనే చదువుతారు.

ఇంకోటి కూడా చెప్పాలి. తోటల సెక్షన్‌లో నాలాంటి సూపరింటెండెంటే ఒకాయన ఉన్నాడు. ఆఫీసర్ల ఇంట్లో పనిచేసే మాలీకి జబ్బు చేస్తే, నా ఫారంలోనే, నా గడిలోనే, "క్యాంపు డ్యూటీ, ఆఫీసరు గారి క్వార్టర్" అని పచ్చిగా రాసి పంపాడట. ఏ పేపర్లోనూ రాలేదు. ఎవరూ అడగలేదు. ఆ మాలీ ఇప్పటికీ సైకిలు మీద మా ఆఫీసు ముందు నుంచే వెళ్తాడు. "అన్ని సంగతులు అంత ఆలోచిస్తే ఎట్లమ్మా, మనిషి సావుల ఉన్నప్పుడు," అన్నాడా సూపరింటెండెంటు, సమోసా తింటూ.

నాకు ప్రమోషన్ వచ్చింది. తార్నాకలో మూడో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాం. అత్తమ్మ ఇప్పుడు పూర్తిగా మంచంలోనే. ఫ్లాటుకు మారిన వారానికి హాస్టల్ ఆఫీసు వాళ్ళు, నేను అడగకుండానే, క్యాంపు డ్యూటీకి మనిషిని పంపారు. తలుపు తీస్తే ఆ పిల్ల. డిగ్రీ మానేసింది. తల్లి జాగాలో కాంట్రాక్టరు ఆమెను పెట్టుకున్నాడు.

వద్దని చెప్పి పంపేసి ఉండాల్సింది. ఇంకో మనిషిని పంపమంటే పంపేవాళ్ళే. కానీ అత్తమ్మ ఒళ్ళు రెండు రోజులుగా తుడవలేదు. "రా," అన్నాను.

పని బాగా చేస్తుంది. తల్లి కంటే బాగా చేస్తుంది. అవసరమైనంతే మాట్లాడుతుంది. అత్తమ్మ ఆ పిల్లను తల్లి పేరుతోనే పిలుస్తుంది. మతి తప్పి పిలుస్తుందో, నాకు వినిపించాలని పిలుస్తుందో నేను అడగలేదు.

ఇప్పుడు హాజరు ఫోనులో. ముఖం చూపించి ఫోటో దిగాలి, ఏ చోట దిగారో అందులోనే పడుతుంది. క్యాంపు డ్యూటీ వాళ్ళందరూ పొద్దున హాస్టల్‌కు వెళ్ళి ఫోటో దిగి, ఆఫీసర్ల ఇళ్ళకు వస్తారు. ఆ పిల్లా అంతే. కాకపోతే, ఇక్కడికి వచ్చాక, లోపలికి అడుగు పెట్టే ముందు, నా పేరున్న బోర్డు పక్కన నిలబడి తన సొంత ఫోనులో ఇంకో ఫోటో దిగుతుంది. దాని మీద తేదీ, టైము, వీధి పేరు పడతాయి. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఇంకొకటి. మొదటి రోజు అడిగాను, ఇదెందుకని.

"నా కోసం మేడం. మా అమ్మకు లేకుండె," అన్నది.

మూడేళ్ళయింది. ఒక్క రోజు తప్పలేదు.

పోయిన సోమవారం పొద్దున తలుపు తీసేసరికి ఫోను పట్టుకుని నిలబడి ఉంది. "ఇయ్యాల మీరు గూడ నిలబడుండ్రి మేడం. ఒక్కటి," అన్నది. అది వాళ్ళమ్మ పోయిన నెలలో, అదే సోమవారమని అప్పుడు తట్టింది నాకు. పొయ్యి మీద పాలున్నాయని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. వెళ్ళి ఆ పిల్ల పక్కన, నా పేరు కింద నిలబడ్డాను. ఇద్దరం నవ్వలేదు.

"ఇన్ని ఫోటోలు ఎవరికి చూపిస్తావు?" అని అడిగాను.

"ఇప్పుడైతే ఎవరికి చూపియ్య మేడం. పెట్టెల పడి ఉంటయ్."

లోపలి నుంచి అత్తమ్మ ఆమెను తల్లి పేరు పెట్టి పిలిచింది. "వస్తున్న అవ్వా," అని పలికి, చెప్పులు విడిచి, నన్ను దాటుకుని లోపలికి పోయింది.